నీరు వచ్చిన తేదీ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో వరి దిగుబడిని నిర్ణయించే అంశాలు

వ్యాససంగ్రహం

ఒకే విత్తనం, ఒకే మోతాదు ఎరువు వేసిన రెండు పొలాల్లో దిగుబడి ఎందుకు వేరవుతుంది? ఉమ్మడి వరంగల్ జిల్లానుంచి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వరిసాగు ఆధారంగా ఈ ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. విత్తనం, ఎరువు, తెగుళ్లు, ఎండ, కౌలు అనే అంశాలు విడివిడిగా కనిపించినప్పటికీ, వాటిలో ఎక్కువభాగం పొలానికి నీరు ఏ తేదీన అందింది, ఏ తేదీన ఆగింది అనే విషయానికి లోబడి పనిచేస్తాయని వివరించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: వరి దిగుబడి, నారు వయస్సు, చెరువు ఆయకట్టు, ఉల్లికోడు, చెలక నేలలు, యాసంగి, కౌలు, పంటకోత ప్రయోగం.

1. ఉపోద్ఘాతం

పంట దిగుబడిని గూర్చిన శాస్త్రచర్చ ప్రపంచంలో ఎక్కువగా గోధుమ చేలలో పెరిగింది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు 1843లో ప్రారంభించిన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ సాగుతోంది. ఏ ఎరువూ వేయని మడి కూడా అక్కడ హెక్టారుకు సుమారు ఒక టన్ను గింజ ఇస్తూనే ఉంది. నత్రజని ఎక్కువ వేసిన మళ్లు దానికి తగిన ఫలితం చూపింది మాత్రం పడిపోని పొట్టిరకాలు, తెగుళ్ల మందులు వచ్చిన తర్వాతనే. దిగుబడికి ఒంటి కారణం ఉండదనీ, ఒక కారణం పనిచేయడానికి మరొకటి సిద్ధంగా ఉండాలనీ ఆ మడులు నేర్పాయి. లీబిగ్ పేరుతో ప్రసిద్ధమైన కనిష్ఠ నియమం చెప్పేదీ అదే. అన్నిటికంటె కొరతగా ఉన్నదే పంట హద్దును నిర్ణయిస్తుంది.

ఈ మూడు జిల్లాల్లో గోధుమ పంట లేదన్నంత తక్కువ. గోధుమ గింజ నిండడానికి కావలసిన చల్లని రోజులు ఇక్కడి చలికాలంలో చాలవు. డిసెంబరు, జనవరి నెలల చలి శివరాత్రి నాటికి తొలగిపోతుంది. కనుక గోధుమ చేలో వేసిన ప్రశ్నను ఇక్కడ వరిమడిలో వేయవలసి ఉంటుంది. ప్రశ్న అదే అయినా సమాధానం మారుతుంది. ఇక్కడ కొరతగా ఉన్న అంశం ఏటా ఒకటే కాదు, ఒకే ఊళ్లో తూము దగ్గరి మడికీ చివరి మడికీ కూడా అది ఒకటి కాదు.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. ఉమ్మడి వరంగల్ జిల్లాకు సంబంధించిన పాత నివేదికల్లో కనిపించే సగటు దిగుబడి, ఆ తర్వాత విడిపోయిన జిల్లాల సగటులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చదగినవి కావు. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడడంతో ఈ ఇబ్బంది రెట్టింపయింది. రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువుల ఆయకట్టు ఆ విభజనతో భూపాలపల్లి లెక్కల నుంచి బయటికి వెళ్లింది. వరుసగా సంవత్సరాల దిగుబడిని గీతగా గీసే పరిశోధకుడు ఈ రెండు తేదీలను మరచిపోతే, పొలంలో జరగని మార్పును కాగితంపై కనుగొనే ప్రమాదముంది.

2. దిగుబడి అనే లెక్క

వరి దిగుబడి నాలుగు సంఖ్యల గుణకారం. చదరపు మీటరులో కంకులు ఎన్ని, కంకికి గింజలు ఎన్ని, వాటిలో తాలుపోక నిండినవి నూటికి ఎన్ని, వేయి గింజల బరువు ఎంత. ఈ నాలుగూ ఒకేసారి నిర్ణయం కావు, ఒకదాని తర్వాత ఒకటిగా నిర్ణయమవుతాయి. పిలకలు వేసే దశలో మొదటిది, అంకురం తొడిగే దశ నుంచి పొట్టదశ వరకు రెండవది, పూత రోజుల్లోనూ ఆ తర్వాతా మూడవది, పాలుపోసుకుని గట్టిపడే రోజుల్లో నాలుగవది స్థిరపడతాయి. ఒక దశలో పోయినదాన్ని తర్వాతి దశ కొంతమేరకే పూడుస్తుంది.

ఉదాహరణకు ఒక లెక్క వేసుకుందాం. చదరపు మీటరుకు 33 కుదుళ్లు, కుదురుకు 10 కంకులు, కంకికి 120 గింజలు, నూటికి 85 నిండుగింజలు, వేయి గింజల బరువు 24 గ్రాములు అనుకుంటే ఎకరానికి సుమారు 32 క్వింటాళ్లు వస్తుంది. అదే విత్తనాన్ని పలుచగా చదరపు మీటరుకు 20 కుదుళ్లు నాటామనుకుందాం. ఖాళీ దొరికింది కనుక మొక్క కుదురుకు 11 కంకులు, కంకికి 130 గింజలు ఇస్తుంది. నిండుగింజలు మాత్రం నూటికి 80 అయ్యాయనుకుంటే ఎకరానికి 22 క్వింటాళ్ల వద్ద ఆగిపోతుంది. పది క్వింటాళ్ల తేడాకు విత్తనం కారణం కాదు, ఎరువూ కారణం కాదు. ఇవి లెక్క పనితీరును చూపడానికి తీసుకున్న అంకెలే అయినా, పొలంలో కనిపించే తేడాలకు దూరమైనవి కావు. ఎకరానికింత అని గుత్తకు తీసుకుని నాట్లు వేసే బృందాలకు వేగం ముఖ్యం. మధ్యకాలిక రకాలకు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే కుదుళ్ల సాంద్రత ఆ వేగంలో తరచు అందదు.

సన్నరకాల విషయంలో నాలుగవ సంఖ్యే చిన్నది. సాంబా మసూరి వేయి గింజల బరువు 14–15 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. ఆ లోటును గింజల సంఖ్యతో పూడ్చుకోవాలి కాబట్టి ఆ రకం ఎక్కువ రోజులు పొలంలో ఉంటుంది. 2024 వానాకాలం నుంచి రాష్ట్రప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించాక, తక్కువ దిగుబడి ఇచ్చే రకమే ఎక్కువ ఆదాయం ఇవ్వగల పరిస్థితి వచ్చింది. దిగుబడి తగ్గుదలను వెనుకబాటుగా చదివే అలవాటును ఇక్కడ కొంత పక్కన పెట్టాలి.

3. మూడు జిల్లాలు, మూడు రకాల నీళ్లు

పడమటి జనగామ నుంచి తూర్పున గోదావరి ఒడ్డు వరకు వెళ్లేకొద్దీ వాన పెరుగుతుంది. జనగామ ఎత్తయిన చెలకల ప్రాంతం. అడుగున గట్టి రాయి, పైన పలుచని ఎర్రమన్ను. పెద్ద నది లేదు. ఇక్కడి వరి పూర్వం చిన్నచెరువులు, కుంటల కింద, తర్వాత బోరుబావుల కింద పెరిగింది. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీరు స్టేషన్ ఘన్‌పూర్, అశ్వరావుపల్లి, చీటకోడూరు వంటి జలాశయాలకు చేరుతోంది. అయితే గోదావరిలో తగినంత నీరున్న రోజుల్లోనే పంపులు నడుస్తాయి. అంటే జనగామ చెరువు నిండే తేదీ జనగామలో కురిసిన వానపైనే కాక, వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలోని నదీమట్టంపైన, పంపుల నిర్వహణపైన కూడా ఆధారపడింది.

మహబూబాబాద్ పరిస్థితి వేరు. ఆకేరు, పాలేరు, మున్నేరు పరీవాహకాల్లో ఉన్న ఈ జిల్లాలో కాకతీయుల నాటి బయ్యారం చెరువు ఉంది. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం శాసనం కాకతీయుల వంశక్రమానికి ప్రధానాధారమని చరిత్ర విద్యార్థులకు తెలుసు. ఆ చెరువు ఇప్పటికీ ఆయకట్టుకు నీరిస్తున్నదన్న సంగతి శాసన చర్చల్లో అంతగా రాదు. జిల్లా పడమర, దక్షిణ భాగాలకు శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువలే ఆశ. తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ వైపు ఉన్న పొలాలు చాలా పొడవైన కాలువకు చివరి భూములు. చివరి ఆయకట్టులో నీరు ఆలస్యంగా వస్తుంది, ముందుగా ఆగిపోతుంది.

భూపాలపల్లిలో అడవి, బొగ్గుగనులు, గోదావరి ఒడ్డు. వాన ఎక్కువ. ఘన్‌పూర్ మండలంలోని గణపసముద్రం కాకతీయుల కాలపు చెరువుల్లో పెద్దది. మేడిగడ్డ బరాజ్ ఈ జిల్లాలోనే ఉన్నా, దాని నీరు ఎగువకు పోవడానికి ఉద్దేశించినది. 2023 అక్టోబరులో స్తంభాలు కుంగిన తర్వాత ఆ పంపింగు చర్చ వేరు. ఇక్కడి రైతుకు కొరత కంటె హఠాత్తుగా వచ్చే వరద పెద్ద సమస్య. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామాన్ని ముంచింది. 2024 ఆగస్టు చివరి, సెప్టెంబరు మొదటి రోజుల్లో ఆకేరు, మున్నేరు పొంగి మహబూబాబాద్ పొలాలకు అదే గతి పట్టించాయి. కేసముద్రం వద్ద రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. వరద నీరు రెండు మూడు రోజుల్లో తీసిపోతే పిలకల దశలోని వరి చాలావరకు తేరుకుంటుంది, పూతలో ఉంటే తేరుకోదు. నీరు మిగిల్చిపోయే ఇసుక మేటల సంగతి మరొకటి. మేటవేసిన మడిలో ఆ ఏడు పంట పోవడంతో పాటు, మన్ను తొలగించేవరకు తర్వాతి సంవత్సరాల దిగుబడి కూడా పోతుంది. నష్టపరిహారపు లెక్కల్లో సాధారణంగా మొదటిదే ఉంటుంది.

4. నారు వయస్సు

ఈ వ్యాసంలో అన్నిటికంటె ముఖ్యమైన అంశంగా నేను భావించేది ఇదే. ఎరువుల మోతాదుపై వచ్చినన్ని సిద్ధాంతవ్యాసాలు నారు వయస్సుపై రాలేదు.

సుమారు 120 రోజుల రకం, ఎంటీయూ 1010 అనుకుందాం. విత్తిన 55–60 రోజులకు అది అంకురం తొడుగుతుంది. అంతటితో పిలకలు వేసే కాలం ముగిసినట్టే, ఆ తర్వాత వచ్చే పిలక కంకిగా మారదు. 25 రోజుల నారు నాటితే మొక్కకు ప్రధాన పొలంలో వేళ్లు తొక్కి పిలకలు వేయడానికి నెల పైచిలుకు రోజులు దొరుకుతాయి. చెరువు నిండలేదని ఆగి 45 రోజుల నారు నాటితే మిగిలేవి పదిపదిహేను రోజులు. అందులో వారం వేళ్లు నిలదొక్కుకోవడానికే పోతుంది. తర్వాత ఎంత యూరియా చల్లినా పిలకల గడువు వెనక్కి రాదు. ఆకు పచ్చబడుతుంది, రైతుకు తృప్తి కలుగుతుంది, కంకులు పెరగవు. అదనపు పచ్చదనం ఆకుచుట్టకూ దోమపోటుకూ ఆహ్వానమవుతుంది.

ఇక సాంబా మసూరి వంటి 145–150 రోజుల రకంలో అంకురం 80 రోజుల తర్వాతనే. కాబట్టి 40 రోజుల ముదురు నారును కూడా అది ఓర్చుకుంటుంది. పాత తరం రైతులు చెరువుల కింద దీర్ఘకాలిక రకాలనే నమ్ముకోవడంలో ఈ లెక్క ఉంది. వారికి నీరు వచ్చే తేదీ తెలియదు. నారు పోసుకుని ఎదురుచూడవలసి ఉండేది. ఎదురుచూపును భరించే విత్తనం కావాలి. అయితే ఆ విత్తనానికి నవంబరు చివరి దాకా, ఒక్కోసారి డిసెంబరులోకి కూడా నీరు కావాలి. జనగామ కుంటల్లో అన్నాళ్లు నీరు నిలవడం అరుదు. ఎదురుచూపును భరించే రకం ముగింపును భరించదు, ముగింపును భరించే స్వల్పకాలిక రకం ఎదురుచూపును భరించదు. రకాల ఎంపికపై మన సలహాలన్నీ ఈ రెంటి నడుమ జరిగే బేరమే.

కార్తెల భాషలో చెప్పుకుంటే విషయం మరింత స్పష్టం. బోరుబావి ఉన్న రైతు మృగశిరలో నారు పోసి ఆరుద్ర చివర, పునర్వసు మొదట్లో నాటుతాడు. చెరువు కింది రైతు కూడా మృగశిర చినుకులకు నారు పోస్తాడు. నాటేది పుష్యమిలోనా, ఆశ్లేషలోనా అన్నది చెరువు చెప్తుంది. మఖ దాటితే ముదురునారే కాక పూత సమయం చలిగాలుల్లో పడే ప్రమాదం కూడా తోడవుతుంది. కాలువ చివరి రైతు ఈ ఇద్దరికీ వెనుక. అతడు నారు పోయడమే ఆలస్యం చేసుకోవచ్చు, లేదా దమ్ముచేసిన మడిలో మొలకెత్తిన విత్తనం వెదజల్లవచ్చు. డ్రమ్ సీడరుతో గాని చేత్తో గాని నేరుగా విత్తే ఈ పద్ధతి కూలి ఖర్చుకోసం వచ్చిందని చెప్తారు. నారు వయస్సు అనే సమస్యనే అది తొలగిస్తుందన్నది దానికున్న అసలు బలం. కలుపు అదుపు దాని బలహీనత.

దీన్నిబట్టి ఒకే ఊళ్లో ఒకే రకం వేసిన ముగ్గురి దిగుబడిలోని తేడాను రైతు నైపుణ్యానికో చైతన్యానికో ఆపాదించే ముందు నాటు తేదీ, నారు వయస్సు అడగాలి. క్షేత్రపర్యటన ప్రశ్నావళుల్లో విద్య, వయస్సు, భూవిస్తీర్ణం, రుణం గురించి గడులుంటాయి. ఈ రెంటికీ గడి ఉండడం తక్కువ.

5. ఉల్లికోడు, వరంగల్ రకాలు

ఆలస్యపు నాటుకు మరొక శిక్ష ఉంది. ఉల్లికోడు ఈగ పురుగు పిలక మొవ్వులోకి చేరి దాన్ని ఉల్లికాడవంటి వెండిరంగు గొట్టంగా మార్చివేస్తుంది. ఆ పిలక ఇక కంకి వేయదు. పైన చెప్పిన గుణకారంలో మొదటి సంఖ్యనే ఈ పురుగు కోసివేస్తుంది. మబ్బుపట్టిన, తేమ నిండిన రోజుల్లో మూడువారాలకొక తరం పెరుగుతూ పోతుంది. ముందు నాటిన చేలలో తొలి తరాలు పెరిగి, ఆ చేలు పిలకల దశ దాటేసరికి పక్కనే ఆలస్యంగా నాటిన లేతచేలు దొరుకుతాయి. కాలువ చివరి రైతు చేలో ఉల్లికోడు ఎక్కువగా ఉండడానికి అతని అజాగ్రత్త కారణం కాదు, తన కంటె ముందు నాటిన ఊరంతా పెంచిన పురుగు అతని వాటాకు వస్తుంది.

వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం దశాబ్దాలుగా ఈ పురుగును తట్టుకునే రకాలపైనే పనిచేసింది. సురేఖ, కావ్య, దివ్య, ఎర్రమల్లెలు, ఓరుగల్లు, పోతన అని ఆ రకాలకు పెట్టిన పేర్లు చూస్తే ఆ శాస్త్రవేత్తలకు సాహిత్యాభిరుచి కూడా ఉన్నట్టు తోస్తుంది. బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉంది. హాలికుడైన కవి పేరు వరి విత్తనానికి పెట్టడం ఉచితమే. తర్వాత వచ్చిన సిద్ధి అనే డబ్ల్యుజిఎల్ 44 కూడా ఈ పరంపరలోదే.

కాని విత్తనంలోని నిరోధం శాశ్వతం కాదు. వరంగల్ ప్రాంతంలో తొలుత ఉన్నది ఈ పురుగు మొదటి జీవరూపం. ఒకే నిరోధక జన్యువున్న రకాలను ఏళ్ల తరబడి వేయడంతో, దాన్ని దాటగల పురుగులే మిగిలి సంతానాన్ని పెంచాయి. 2000 దశకంలో 4ఎం అనే కొత్త జీవరూపం వరంగల్ నుంచి నమోదైంది. దీనివల్ల ఒక రకం దిగుబడి పదేళ్లలో తగ్గడం విత్తనం చెడిపోవడం వల్లనేనని చెప్పలేం. విత్తనం అదే, శత్రువు మారింది. ఊరంతా ఒకే వారంలో నాట్లు ముగిస్తే పురుగుకు ఆహారపు వరుస తెగుతుంది. అలా ముగియాలంటే అందరికీ నీరు ఒకే వారంలో అందాలి.

6. నేల

ఎర్ర చెలకలు, దుబ్బనేలలు, నల్లరేగడి అని రైతులు చెప్పే విభజనే శాస్త్రీయ వర్గీకరణకు దగ్గరగా ఉంటుంది. చెలక నీటినీ నత్రజనినీ నిలుపుకోదు. ఒకే విడతలో వేసిన యూరియాలో ఎక్కువభాగం అడుగుకు ఇంకిపోతుంది. అందుకే చెలకలో విడతలు పెంచాలి. రేగడిలో ఆ ఇబ్బంది తక్కువ, కాని నీరు తీయడం కష్టం. ఉత్తర తెలంగాణకు వానాకాలం వరికి ఎకరానికి 40–48 కిలోల నత్రజని సిఫారసు. దీన్ని ఎంత వేశారన్నది మాత్రమే నివేదికలకు ఎక్కుతుంది, ఎన్ని విడతల్లో వేశారన్నది ఎక్కదు.

వరి తర్వాత వరి వేసే పొలాల్లో జింకు లోపం విస్తారం. ఆకులపై తుప్పురంగు మచ్చలు వచ్చి మొక్క గిడసబారే ఈ స్థితిని ఉత్తరభారతంలో ఖైరా తెగులు అనేవారు. అది సూక్ష్మజీవి వల్ల వచ్చే తెగులు కాదనీ, జింకు కొరత అనీ 1960ల్లో పంత్‌నగర్‌లో తేల్చినవారు వై. ఎల్. నేనే. ఆ తర్వాత ఆయన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేశారు. మందు ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు, దమ్ములో. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా దీన్ని భాస్వరం ఎరువుతో కలిపి వేయడం వల్ల పనిచేయక, జింకు వేసినా లాభం లేదన్న అభిప్రాయం ఊళ్లలో ఏర్పడింది. రెండూ కలిస్తే మొక్కకు అందని రూపంలోకి మారతాయి. మూడు నాలుగు రోజుల ఎడం చాలు.

చెరువు పూడికమట్టి చెలకకు పాత మందు. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ చెరువు నిల్వను పెంచడంతో పాటు పూడికను పొలాలకు తోలించింది. చెలకలో బండ్ల కొద్దీ వేసిన ఈ మెత్తటి మన్ను నీటిని పట్టి ఉంచుతుంది. దాని ప్రభావం ఒక్క పంటతో కొలవదగినది కాదు. నేల కథను ఇంతటితో ఆపి, దానికి ఖర్చు పెట్టేదెవరన్న ప్రశ్నను కింద చూద్దాం.

7. యాసంగి ఎండ

యాసంగిలో ఆకాశం నిర్మలం, ఎండ ఎక్కువ. కిరణజన్యసంయోగక్రియకు అది లాభం. అందుకే యాసంగి దిగుబడి వానాకాలం కంటె ఎక్కువ రావడం సహజం. ఈ లాభాన్ని రెండు చివరలా కోతపెట్టేవి రెండు. డిసెంబరు, జనవరి చలిలో నారు ఎదగదు, పసుపుబారుతుంది, పంటకాలం పదిపదిహేను రోజులు సాగుతుంది. మార్చి చివర, ఏప్రిల్‌లో పూత వస్తే వేడి తగులుతుంది.

వరిపువ్వు విచ్చుకునేది ఉదయం తొమ్మిది, పదకొండు గంటల నడుమ, కొద్దిసేపు మాత్రమే. ఆ సమయంలో కంకి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలక గింజ తాలుపోతుంది. అయితే మధ్యాహ్నం నమోదయ్యే గరిష్ఠ ఉష్ణోగ్రతను చూసి తాలును అంచనా వేయడం పొరపాటు. మడిలో నీరుండి గాలి పొడిగా ఉంటే ఆకులనుంచి ఆవిరయ్యే నీరు కంకిని చల్లబరుస్తుంది. ఆస్ట్రేలియాలోని రివరీనాలో గాలి 40 డిగ్రీలకు చేరే వేసవిలోనూ మంచి వరి పండడానికి కారణం ఇదేనని పరిశోధకులు చూపారు. కనుక ఏప్రిల్ ఎండ అందరికీ ఒకటే అయినా, నీరున్న మడికీ ఎండిన మడికీ ఒకటి కాదు. జనగామ బోర్లలో మట్టం పడిపోయేది సరిగ్గా మార్చిలోనే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు రావడం వల్ల మోటారు నడిచే గంటలు పెరిగాయి, రాతిపొరలో నీటి నిల్వ మాత్రం పెరగలేదు. చివరి ఇరవై రోజుల నీరు అందక ఎండిన యాసంగి మడిని పశువులకు వదిలేయడం ఈ ప్రాంతంలో కొత్త కాదు.

రాత్రి వేడి గురించి కూడా ఒక మాట. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల సమాచారంతో 2004లో వచ్చిన అధ్యయనం, వేసవి పంటకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు పది శాతం తగ్గినట్టు చూపింది. ఆ అంకెను యథాతథంగా మనకు అన్వయించకూడదు గాని, రాత్రి ఉష్ణోగ్రతల పట్టికను పక్కన పెట్టి పగటి ఎండనే చర్చించడం సరికాదని అది చెప్తుంది.

ఎండలో గట్టిపడిన గింజ మరపట్టినప్పుడు విరిగి నూకవుతుంది. యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యంగా మార్చడానికి కారణం ఇదే. 2021–22లో ఉప్పుడు బియ్యం కొనుగోలుపై కేంద్ర, రాష్ట్రాల మధ్య వివాదం చెలరేగినప్పుడు దాని మూలం రాజకీయాల్లో మాత్రమే వెదికారు. వానాకాలం నాటు ఆలస్యమై, కోత ఆలస్యమై, యాసంగి నాటు జనవరి చివరికి జరిగి, పూత ఏప్రిల్‌లోకి జారిపోవడం దాని వెనుక ఉన్న వ్యవసాయ కారణం. అంటే ఆషాఢంలో చెరువు నిండని ఆలస్యం చైత్రంలో మిల్లులో నూకగా బయటపడుతుంది.

8. సాగుచేసేది ఎవరు

పూడికమట్టి, పశువుల ఎరువు, జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట, గట్లు చదును చేయించడం. ఇవి ఒక పంటకు కాక అయిదారేళ్లకు ఫలితమిచ్చే పెట్టుబడులు. ఏటేటా మాటమీద కౌలు మారే భూమిలో వీటిని ఎవరు పెడతారు? పట్టాదారు సాగు చేయడు, కౌలుదారుకు మరుసటి ఏడు ఆ భూమి ఉంటుందన్న హామీ లేదు. అతడు యూరియా మీదనే ఆధారపడతాడు, ఎందుకంటే దాని ఫలితం ఆ పంటలోనే చేతికి వస్తుంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో అధీకృత సాగుదారుల చట్టం వచ్చి రుణార్హత కార్డులకు దారి వేసింది. 2018 మేలో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే చేరింది. 2020 వానాకాలం నుంచి రాష్ట్రం కేంద్ర పంటల బీమా పథకం నుంచి వైదొలగింది. ఆ తర్వాత ముదురునారు నాటి నష్టపోయే ప్రమాదాన్ని మోసేవాడు పూర్తిగా సాగుదారుడే. కౌలు ధాన్యరూపంలో ముందే నిర్ణయమై ఉంటే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పంట ఎంత తగ్గినా కౌలు తగ్గదు.

కౌలుకు దొరికే భూమి ఏదన్నది కూడా గమనించవలసినదే. బావి, బోరు, తూము దగ్గరి మడులను సొంతదారు తనకుంచుకుని, చివరి మడులను కౌలుకివ్వడం సాధారణం. కాబట్టి కౌలు పొలాల్లో దిగుబడి తక్కువ అని తేల్చే అధ్యయనం కౌలు ప్రభావాన్ని కొలుస్తోందా, కాలువ చివరను కొలుస్తోందా అన్న సందేహం తీరాలంటే మడి ఎక్కడుందో నమోదు కావాలి.

9. కొలత

దిగుబడి ఎంతని అడిగితే రైతు బస్తాల్లో చెప్తాడు. పాత బస్తా 75 కిలోలు, కొనుగోలు కేంద్రంలో నింపేది 40 కిలోల సంచి. ముప్పై బస్తాలన్న మాట ఏ బస్తా అన్నది అడగకుండా రాసుకుంటే లెక్క దాదాపు రెట్టింపయ్యే అవకాశముంది. కోతమిషను నుంచి నేరుగా వచ్చిన వడ్లలో తేమ ఎక్కువ, కొనుగోలుకు అనుమతించే తేమ 17 శాతం, శాస్త్రీయ నివేదికల్లో దిగుబడిని 14 శాతం తేమకు సవరించి చెప్తారు. 24 శాతం తేమతో తూచిన 30 క్వింటాళ్లు 14 శాతానికి ఆరితే సుమారు 26న్నర అవుతాయి. తాలు, తరుగు పేరిట కేంద్రంలోనూ మిల్లులోనూ తీసేది దీనికి వేరు. రైతు చెప్పేది ఒకచోట, అధికారి రాసేది మరొకచోట, మిల్లరు ఇచ్చేది ఇంకొకచోట కొలిచిన సంఖ్య.

ప్రభుత్వ సగటు దిగుబడి పంటకోత ప్రయోగాలనుంచి వస్తుంది. యాదృచ్ఛికంగా ఎంచిన పొలంలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పుతో మడిగీసి, కోసి, నూర్చి, తూస్తారు. పద్ధతి సక్రమమైనదే. అయితే అది కోతకు నిలిచిన పంటను కొలుస్తుంది. మార్చిలో ఎండి పశువులకు వదిలిన మడి, ఇసుకమేట కింద పోయిన మడి, నీరు రాక నాటనే లేని మడి ఆ ఇరవై అయిదు చదరపు మీటర్లలోకి రావు. చివరి ఆయకట్టు ఎంత ఎక్కువగా విఫలమైతే, మిగిలిన పంట సగటు అంత మెరుగ్గా కనిపించే వింత ఇందులో ఉంది. అందువల్ల ఈ మూడు జిల్లాలపై పనిచేసే పరిశోధకులు కోసిన ఎకరాకు దిగుబడితో పాటు, నారు పోసిన ఎకరాకు దిగుబడి అన్న రెండవ సంఖ్యను కూడా లెక్కకట్టడం అవసరం. దానికి కావలసిన సమాచారం గ్రామంలో దొరుకుతుంది. తూము తెరిచిన తేదీ నీరటికాడికి తెలుసు, ఏ మడికి ఎన్ని రోజుల నారు పడిందో నాట్లు వేసిన స్త్రీలకు తెలుసు, ఏ మడిని కోయకుండా వదిలారో కోతమిషను నడిపినవానికి తెలుసు. ప్రశ్నావళులు ఇంతవరకు ఎక్కువగా పట్టాదారు ఇంటి అరుగు మీదనే నిండుతున్నాయి.